సందేహాలు – సమాధానాలు: గోప్యత కోరేవారు ఏం దాస్తున్నట్టు?

సందేహం: అయ్యా, నేను వార్తావ్యాసాలు అనువదిస్తుంటాను. ఇంటర్నెట్ స్వేచ్ఛను, వినియోగదారుల ప్రైవసీని దెబ్బతీసే చట్టాలను వివిధ దేశాల ప్రజలు ఎలా ఎదిరించారో చెప్పే వ్యాసానికి ‘గోప్యతా చట్టాలపై ప్రజల నిరసన’ అని శీర్షిక పెట్టాను. చదివిన మిత్రుడు మూడు అభ్యంతరాలు చెప్పాడు. గోప్యత అంటే రహస్యమేననీ, ఆ మాట వాడితే ఏదో తప్పు చేసినవాళ్లే దాన్ని కోరుతున్నట్టు ధ్వనిస్తుందనీ, అందువల్ల ‘ప్రైవసీ’ అనే రాయాలనీ అన్నాడు. శీర్షిక అర్థం తలకిందులైందన్నాడు. వ్యాసంలో వాడిన ‘గోప్యతా హక్కు’లో దీర్ఘం చెల్లదన్నాడు. ఏది ఒప్పు?

సమాధానం: చివరి రెండు అభ్యంతరాలు సరైనవే. మొదటిదానితో మాత్రం నేను ఏకీభవించలేను. అది ఒక్క మాటకు సంబంధించిన తగవు కాదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

‘గోప్యం’ అన్న మాటకు మూలమైన ‘గుప్’ ధాతువుకు రక్షించడం అని అర్థం. రక్షించేవాడు గోప్త, రక్షించదగినది గోప్యం. కాపాడుకోవలసినదాన్ని నలుగురి కంట పడనీయం కనుక, దాచదగినది అన్న అర్థం ఆ మాటకు తరువాత బలపడింది. ‘రహస్యం’ నడిచిన దారి ఇంకా ఆసక్తికరమైనది. రహస్సు అంటే ఏకాంతం. అమరకోశం ఆ మాటను వివిక్తం, విజనం అనే మాటల సరసన చేర్చింది. రహస్సులో ఉండేది రహస్యం. పుట్టుకను బట్టి చూస్తే మీరు వెతుకుతున్న భావానికి ఆ మాటే దగ్గర, కాని వాడుకలో అది దాపరికం వైపు ఎప్పుడో ఒరిగిపోయింది, ఇప్పుడు వెనక్కి లాగలేం. ప్రభుత్వాలు దాచేవి రహస్యాలు, మనిషి తనకంటూ కాపాడుకునేది గోప్యత అని ఈనాటి వాడుక మనకొక మంచి తేడాను సమకూర్చింది. దాన్ని నిలుపుకుందాం.

అచ్చతెలుగులో ఈ భావానికి ‘గుట్టు’ ఉంది. గుట్టుగా కాపురం చేసుకుంటున్నారు అంటే ఆ ఇంట్లో నేరం జరుగుతోందని ఎవరూ అనుకోరు. తమ కష్టసుఖాలు వీధిన పడకుండా, మర్యాదగా బతుకుతున్నారనే అర్థం చేసుకుంటారు. దొంగల ముఠా దొరికినప్పుడు ‘గుట్టు రట్టు’ అని రాసేదీ ఆ మాటనే. ఒకే మాట ఒకచోట మర్యాదను, మరొకచోట నేరాన్ని మోస్తున్నది. మీ మిత్రుడు రెండవ అర్థాన్ని మాత్రమే తలచుకున్నాడు. ‘తప్పు చేయనివాడికి దాచుకోవలసిందేముంది’ అని నిఘా చట్టాలను సమర్థించేవారు చేసే వాదన బలమంతా ఇక్కడే ఉంది. గుట్టుకున్న మొదటి అర్థాన్ని చెరిపేసి, రెండవదాన్ని మిగిల్చే వాదన అది. భాషను ప్రేమించేవాళ్లం దాన్ని ఊరికే వదిలేయకూడదు.

ఒక ఉదాహరణ చూడండి. ఫోను, ఇంటర్నెట్ వివరాలను 6 నెలలకు తక్కువ కాకుండా, 2 ఏళ్లకు మించకుండా కంపెనీలు భద్రపరచాలని ఐరోపా సమాఖ్య 2006లో ఒక ఆదేశం తెచ్చింది. మాటలను నిల్వ చేయమని అది అడగలేదు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడి నుంచి మాట్లాడారన్నవి చాలంది. ఒక మనిషి రాత్రి రెండు గంటలకు ఆసుపత్రికి ఫోను చేశాడు, తెల్లవారగానే వకీలుకు చేశాడు, ఆ తరువాత వారం రోజులపాటు అతని ఫోను ఒకే చోట ఉంది అనుకోండి. ఒక్క మాటైనా వినకుండానే ఆ ఇంటి కష్టం సగం తెలిసిపోయింది. అందులో అతడు దాచిన రహస్యమేదీ లేదు, పోయిందల్లా గుట్టు. ఆ ఆదేశం చెల్లదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న కొట్టివేసింది.

ఇలాంటి వ్యాసాలలో మరో రెండు మాటలు తరచు కలిసిపోతుంటాయి. చట్టం తెచ్చేవారు ‘కాపలా’ అంటారు, ఎదిరించేవారు ‘నిఘా’ అంటారు. అనువాదకులు ఒక్కొక్కప్పుడు ఈ రెంటినీ పర్యాయపదాలుగా వాడేస్తున్నారు. తెలుగు విభక్తులు ఆ పొరపాటును వెంటనే పట్టిస్తాయి. ఇంటికి కాపలా కాస్తాం, ఇంటిపై నిఘా పెడతాం. కాపలావాడి వీపు ఇంటివైపు, చూపు వీధివైపు ఉంటాయి. నిఘా పెట్టినవాడి చూపు ఇంటిలోపలికే ఉంటుంది. ఒక బిల్లు కాపలాను కోరుతోందా, నిఘాను కోరుతోందా అన్నది తేల్చుకోవడానికి ‘కి’ సరిపోతుందా, ‘పై’ సరిపోతుందా అని చూడండి. నా మటుకు నేను ఈ విభక్తి పరీక్షను చాలా నమ్ముతాను.

ఇక శీర్షిక. అవినీతిని అరికట్టే చట్టాన్ని ‘అవినీతి చట్టం’ అనం, ‘అవినీతి నిరోధక చట్టం’ అంటాం. కాని ‘విద్యాహక్కు చట్టం’ అన్నప్పుడు ఆ హక్కును ఇచ్చే చట్టమనే అర్థం చేసుకుంటాం. మంచి విషయం పక్కన ‘చట్టం’ చేరితే దాన్ని కాపాడే చట్టమని, చెడ్డ విషయం పక్కన చేరినప్పుడు ‘నిరోధక’ వంటి మాట లేకపోతే వాక్యం కుంటుపడిందని తెలుగు పాఠకుడికి తోస్తుంది. అందువల్ల ‘గోప్యతా చట్టాలపై నిరసన’ అని చదివినవాడు, జనం తమ గోప్యతను కాపాడే చట్టాలనే వద్దంటున్నారని అనుకుంటాడు. ‘గోప్యతకు భంగం కలిగించే చట్టాలపై నిరసన’ అని రాయండి. నాలుగు అక్షరాలు పెరిగినా అర్థం నిలుస్తుంది.

అయితే ‘చట్టాలపై’ అన్నది కూడా అన్ని సందర్భాలకూ నప్పదు. మీ వ్యాసంలో 2012 జనవరి 18 నాటి నిరసన ప్రస్తావన తప్పక వచ్చి ఉంటుంది. ఆ రోజు ఇంగ్లీషు వికీపీడియా తన పుటలను 24 గంటలపాటు మూసివేసింది, గూగుల్ తన పేరుపై నల్లని పట్టీ వేసింది. వారు ఎదిరించిన సోపా, పీపా అనేవి ఇంటర్నెట్‌లో పైరసీని అరికట్టే పేరుతో అమెరికా చట్టసభలలో ఉన్న బిల్లులు. జనవరి 20న రెండింటినీ వాయిదా వేశారు, అవి చట్టాలు కానేలేదు. వాటిని ‘చట్టాలు’ అని రాస్తే జనం ఎదిరించి ఆపగలిగారన్న అసలు సంగతే వాక్యంలో నుంచి జారిపోతుంది. అదే ఏడాది ఐరోపా వీధులలో ఎదురుగాలి వీచిన ఆక్టా మరొక రకం. అది నకిలీ సరుకులను, పైరసీని అరికట్టే పేరుతో దేశాల మధ్య కుదిరిన ఒప్పందం. ఐరోపా పార్లమెంటు దాన్ని 2012 జూలై 4న 39కి వ్యతిరేకంగా 478 ఓట్లతో తిరస్కరించింది. బిల్లును అడ్డుకుంటారు, ఒప్పందాన్ని తిరస్కరిస్తారు, చట్టాన్ని రద్దు చేయమంటారు. క్రియలు వేరు కనుక నామవాచకాలనూ వేరుగానే ఉంచాలి. ‘వ్యతిరేకత తెలిపారు’ అనడం కంటె ‘వ్యతిరేకించారు’ అనడం మేలు. తెలపదలచుకుంటే నిరసన ఉంది, అభ్యంతరం ఉంది.

దీర్ఘం సంగతి చిన్నదే. గోప్యత అన్నది సంస్కృతంలో ఆకారాంత స్త్రీలింగం. సంస్కృత పదంతోనే సమాసం చేసినప్పుడు ఆ దీర్ఘం నిలుస్తుంది: గోప్యతాభంగం, గోప్యతాపరిరక్షణ. హక్కు అరబ్బీ నుంచి మనకు వచ్చిన మాట కాబట్టి దాని ముందు తెలుగు రూపమే ఉండాలి: గోప్యత హక్కు. ‘ప్రైవసీ’ని నేను నిషేధించను. సంభాషణలో అది హాయిగా ఇమిడిపోతుంది, కాని పై సమాసాలు దానితో కుదరవు.

ఇలాంటి వ్యాసాలలో ‘భావప్రకటనా స్వేచ్ఛ’ అని రాయడం కూడా కనిపిస్తుంటుంది. అక్కడ రెండు వైపులా సంస్కృత పదాలే అయినా దీర్ఘం తప్పు. ప్రకటనం నపుంసకలింగం, దానికి దీర్ఘం వచ్చే వీలే లేదు. ‘భావప్రకటన స్వేచ్ఛ’ అని సరిచేసుకోండి.