వంటిల్లు ఆగింది, కోళ్ళ షెడ్డు లేచింది

ప్రశ్న: మాది వనస్థలిపురంలో 200 గజాల సొంతిల్లు. 1996లో కట్టుకున్నాం. గ్యాస్ గట్టు, కడప రాళ్ళ అరలు అన్నీ అప్పటివే. నా వయసు 56. మావారు బ్యాంకులో పనిచేసి నిరుడు రిటైరయ్యారు. ఆ డబ్బు రాగానే ముందు వంటిల్లు బాగుచేయిస్తానన్నారు. సంక్రాంతి వెళ్ళాక గట్టు పగలగొట్టించారు, టైల్స్ తీయించారు. మేస్త్రి అడ్వాన్సు తీసుకుని ఊరెళ్ళాడు, మళ్ళీ సరిగ్గా రావడం లేదు. ఈలోగా మావారు పెరట్లో రేకుల షెడ్డు వేయించి కోళ్ళు తెచ్చారు. వంటింటి పైన మేడ మీద నీలం డ్రమ్ములు సగానికి కోయించి 20 దాకా పెట్టారు, నిండా మట్టి. అదంతా వంటింటి చెక్కపనికి దాచిన డబ్బు. నాకు చెప్పనే లేదు. నేను వరండాలో టేబుల్ మీద స్టవ్ పెట్టుకుని వండుతున్నాను. వంటింటి స్లాబుకు చెమ్మ కూడా వస్తోంది. పుంజు తెల్లారకుండానే కూస్తోందని పక్కింటివాళ్ళ గొడవ. కోళ్ళనేమో పేర్లు పెట్టి పిలుస్తారు, నన్ను ‘ఏమోయ్’ అంటారు. ‘ఆ కోళ్ళతోనే కాపురం చేసుకోండి’ అన్నాను, రెండు వారాలుగా మాటల్లేవు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఇల్లు అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరుకు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయమంటాడు. పుణేలో ఉన్న అమ్మాయి సర్దుకోమంటుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. నల్గొండలో అక్క దగ్గరికి వెళ్ళిపోదామనిపిస్తోంది. చిన్న విషయాన్ని నేనే పెద్దది చేస్తున్నానా?
– ఒక సోదరి

జవాబు: లేదమ్మా. నెలల తరబడి వరండాలో నిలబడి వండుతున్న మనిషికి ఇది చిన్న విషయం ఎలా అవుతుంది? సర్దుకోమన్న అమ్మాయిని ఒక వారం వచ్చి ఆ టేబుల్ మీద పోపు వేయమనండి, తర్వాత మాట్లాడుకుందాం.

అయితే మీ ఉత్తరంలో కోపమంతా కోళ్ళ మీదికి మళ్ళింది. నాకు మాత్రం ‘చెప్పనే లేదు’ అన్న ముక్క దగ్గర గుచ్చుకుంది. ఇద్దరూ అనుకుని ఒక పనికి పక్కన పెట్టిన డబ్బును ఒకరు చెప్పకుండా మరోదానికి వాడితే తప్పే. అది కోళ్ళకైనా, బంగారానికైనా, తమ్ముడి అప్పు తీర్చడానికైనా. ఈ మాట ఆయనతో ఇలాగే అన్నారా? మీరు అన్నది కోళ్ళతో కాపురం సంగతి. అది వినగానే నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆయనకు వినపడింది ‘నీ సరదా పిచ్చిది’ అని. దాంతో ఆయన కోళ్ళ తరఫున వాదించడం మొదలుపెట్టి ఉంటారు. డబ్బు సంగతి అక్కడితో పక్కకు పోయింది.

ఆయన వైపు నుంచీ ఒకసారి చూడండి. పొద్దున్నే తయారై వెళ్ళి, కౌంటరు దగ్గర పదిమందికి జవాబు చెప్పి, సాయంత్రం అలిసి వచ్చే అలవాటు ఉన్నట్టుండి తెగిపోయింది. కోళ్ళకు వేళకి గింజలు వేయాలి, నీళ్ళు మార్చాలి, చీకటి పడేలోపు లోపలికి తోలాలి. ఆయన లేకపోతే జరగని పనులు మళ్ళీ కొన్ని దొరికాయి. టీవీ ముందు కూర్చుని వార్తలతో పోట్లాడే రిటైరైన మగవాళ్ళ గురించి నాకు వచ్చే ఉత్తరాలు చదివితే, పెరట్లోకి వెళ్ళిన మనిషి నయం అని మీరే అంటారు. కాబట్టి కోళ్ళు తీసేయాలన్న పట్టు వదిలేయండి. వంటిల్లు పూర్తయ్యేదాకా పెరటికీ మేడకూ కొత్తగా రూపాయి పెట్టకూడదన్న మాట మీద మాత్రం గట్టిగా నిలబడండి.

ఇక డ్రమ్ములు. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టినవి అవే. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోస్తే దాదాపు 100 లీటర్ల మట్టి పడుతుంది. నీళ్ళు పోశాక ఆ మట్టి 150 కిలోలు దాటుతుంది. అలాంటివి 20 అంటే మూడు టన్నులు. మనుషులు తిరిగే మేడ స్లాబును మన దేశ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకే లెక్క వేస్తారు. సగం డ్రమ్ము ఆక్రమించే చోటు చదరపు మీటరులో పావు వంతు చుట్టూ ఉంటుంది. అంటే డ్రమ్ము ఉన్న చోట పడే బరువు ఆ లెక్కకు దాదాపు నాలుగింతలు. అవన్నీ దగ్గరదగ్గరగా, పాతికేళ్ళు దాటిన స్లాబు మధ్యలో, అదీ ఇప్పటికే చెమ్మ పట్టిన చోట ఉన్నాయంటే ఆలోచించాల్సిందే. రేపు కూలుతుందని భయపెట్టడం లేదు. ఒక సివిల్ ఇంజినీరును పిలిచి చూపించండి, అంతవరకు వాటికి నీళ్ళు తగ్గించమనండి. గోడలు, బీములు ఉన్న అంచుల వెంట సర్దుకోవచ్చేమో ఆ ఇంజినీరే చెబుతారు. కుండీల కింద ఇటుకలు పెడితే నీళ్ళు నిలవవు, స్లాబుకు పగుళ్ళు వస్తే కంటపడతాయి. ఉత్త మట్టికి బదులు కొబ్బరిపొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుతుంది. ఆకుకూరలకు అంత లోతు డ్రమ్ములే అక్కర్లేదు.

మీ వంటిల్లూ ఆయన తోటా ఒకే స్లాబుకు అటూ ఇటూ ఉన్నాయి. పైన చెమ్మ ఆపకుండా కింద చెక్కపని చేయిస్తే ఒక్క వానాకాలంలో తలుపులు ఉబ్బుతాయి. అందుకని మొదటి పని మేడ మీదే: డ్రమ్ములు పక్కకు జరిపి, పగుళ్ళు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, చుట్టూ కట్ట కట్టి ఒకటి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూడాలి. తెలంగాణలో వానలు మామూలుగా జూన్‌లో అందుకుంటాయి, స్లాబు బాగా ఎండి ఉండే ఈ ఎండాకాలం దాటితే మళ్ళీ ఆర్నెల్లు ఆగాలి. ఈ పని ఆయనకే అప్పగించండి. తన తోట కోసమూ చేసుకోవాల్సిన పని కాబట్టి మేస్త్రి వెంట పడే ఓపిక ఆయనకు అదే వస్తుంది.

చెమ్మ పైనుంచే కాక పైపుల నుంచి కూడా వస్తుండవచ్చు. ఆ రోజుల్లో ఇళ్ళకు వేసినవి ఎక్కువగా ఇనుప జీఐ పైపులు, లోపల తుప్పు పట్టి ఉంటాయి. టైల్స్ ఊడదీసి ఉన్న ఇప్పుడే తుప్పు పట్టని సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించుకుంటే మళ్ళీ గోడ పగలగొట్టే పని ఉండదు. మిక్సీకి, ఫ్రిజ్‌కి, చిమ్నీకి కరెంటు పాయింట్లు కూడా ఇప్పుడే. చెక్కపని డబ్బు తగ్గిపోయింది కదా, నన్నడిగితే కడప రాళ్ళ అరలు తీయించవద్దు. వాటికి చెద పట్టదు, నీళ్ళకు ఉబ్బవు. వాటి ముందువైపు అల్యూమినియం ఫ్రేము తలుపులు బిగించుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. షాపువాళ్ళు దీన్ని పాతకాలం పద్ధతి అంటారు, అననివ్వండి. సింకు కింద మాత్రం చెక్క పెట్టాల్సి వస్తే నీళ్ళకు తట్టుకునే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే అడగండి, పార్టికల్ బోర్డు ఒప్పుకోవద్దు. గట్టు ఎత్తు మేస్త్రి అలవాటు కొలతకు వదలకండి. మీరు నిలబడి మోచెయ్యి మడిస్తే, దానికి నాలుగైదు అంగుళాలు కిందికి గట్టు రావాలి. వండేది మీరు, నడుము మీది. ఈలోగా వరండాలో సిలిండరు నిలువుగానే ఉంచండి, స్టవ్ దానికంటే ఎత్తులో ఉండాలి. రబ్బరు ట్యూబు ఐదేళ్ళు దాటితే మార్చేయండి.

పుంజు గొడవకు చర్చలు అక్కర్లేదు. పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజుతో పనిలేదు, పిల్లలు కావాలంటేనే అది కావాలి. ఎవరికైనా ఇచ్చేస్తే పక్కింటివాళ్ళ నిద్రా మీ మర్యాదా రెండూ మిగులుతాయి. గుడ్ల కోసమే అయితే మన రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని రూపొందించిన గ్రామప్రియ లాంటి రకాలు ఉన్నాయి, ఆ సంగతి ఆయన చెవిన వేయండి. మీ నోటి వెంట కోళ్ళ గురించి ఒక మంచి మాట వస్తే ఆయన ఉలిక్కిపడతారు. షెడ్డులో వరి ఊక పరిచి పొడిగా ఉంచితే వాసన రాదు. గింజలు రాత్రి మూతపెట్టకపోతే పందికొక్కులు వస్తాయి, ఆ బాధ్యత ఆయనదే.

మాటలు మళ్ళీ ఎలా కలపాలన్నది అసలు కష్టం. వంట మధ్యలో వద్దు, పిల్లలు వీడియో కాల్‌లో ఉన్నప్పుడు అసలే వద్దు. సాయంత్రం ఆయన పెరట్లో ఉన్నప్పుడు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోండి. ‘మీ కోళ్ళ మీద నాకు పగ లేదండీ. వంటింటి డబ్బు నాకు చెప్పకుండా తీశారు, అది నాకు కష్టంగా ఉంది’ అనండి. అంతటితో ఆపండి. పెళ్ళినాటి నుంచి పేరుకున్నవన్నీ అదే సాయంత్రం బయటపెట్టకండి. ఆయన వెంటనే ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, మర్నాడు కాగితం, పెన్ను తీసుకుని వంటింటికి ఇంకా ఎంత కావాలో ఇద్దరూ రాయండి. ఆ మొత్తం ఇద్దరి పేరున వేరే ఖాతాలో వేయండి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో కాదు, అందులో ఎవరో ఒకరి సంతకంతోనే తీయవచ్చు. ఇద్దరి సంతకాలూ ఉండాలన్న పద్ధతిలో తెరవండి. ఇంత బతుకూ బ్యాంకులో గడిపిన మనిషికి దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. ‘ఏమోయ్’ సంగతి కూడా చెప్పుకోవచ్చు, కానీ మరో రోజు, నవ్వుతూ.

అబ్బాయి చెప్పిన డెవలప్‌మెంట్ సలహా చెడ్డదని అనను. కానీ స్టవ్ వరండాలో ఉండగా, మొగుడూ పెళ్ళాలకు మాటల్లేనప్పుడు ఇల్లు ఇచ్చేసే నిర్ణయం తీసుకోకూడదు. ‘వంటిల్లు అయ్యాక మాట్లాడదాం నాన్నా’ అని చెప్పేయండి.

నిద్ర గురించి ఒక మాట. పోట్లాట తగ్గాక కూడా రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే డాక్టరుకు చూపించుకోండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నల్గొండ తప్పకుండా వెళ్ళండి, అయితే అలిగి కాదు. టైల్స్ కోసే రోజుల్లో ఇల్లంతా దుమ్ము, వంట ఎలాగూ కుదరదు. గట్టు ఎత్తు గోడ మీద గీత గీయించి, టైల్స్ మీరే ఎంచి, అప్పుడు బయల్దేరండి. మేస్త్రికి తేదీ పెట్టి ఫోన్ చేయించండి, ఆ రోజుకు రాకపోతే ఇచ్చిన అడ్వాన్సులో చేసిన పని ఎంతో లెక్క తేల్చుకుని వేరేవాళ్ళను మాట్లాడుకోండి. ఈసారి పైపుల పనికి, టైల్స్‌కి, గట్టు రాయికి విడివిడిగా ధర రాయించుకుని, ఒకటి పూర్తయ్యాకే దాని డబ్బు ఇవ్వండి.