ఎండ పొడ లేకపోయినా ఒంటికి వేళ తెలుస్తుందా?

ప్రశ్న: నాది నైట్ షిఫ్ట్ ఉద్యోగం. ఒంట్లోనే ఒక గడియారం ఉంటుందని మా డాక్టరు గారు అన్నారు. పగలు వెలుతురు, రాత్రి చీకటి చూసి ఒళ్లు అలవాటు పడుతుంది గానీ లోపల వేరే గడియారం ఉందని ఎలా తేల్చారండీ?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మంచి అనుమానమే. 1729లో ఫ్రాన్స్‌లో ద మేరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి చూస్తే, ఎండ తగలకపోయినా వేళకి ఆకులు విప్పింది. ఆయన మాత్రం మొక్క సూర్యుణ్ణి ఎలాగో పసిగడుతోంది అనుకున్నాడే గానీ గడియారం మాటే ఎత్తలేదు. 1832లో ద కాండోల్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కల్ని ఎడతెగని వెలుతురులో ఉంచితే వాటి రోజు 22, 23 గంటలకే అయిపోయింది. కీలకం ఈ తేడానే. బయటి నుంచి ఏదో వేళ చెబుతుంటే లెక్క కచ్చితంగా 24 గంటలు రావాలి కదా!

మనుషుల్లోనూ అంతే. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లోని గుహలో రెండు నెలలున్నాడు. సెప్టెంబరు 14న బయటికొచ్చి, అది ఆగస్టు 20 అనుకున్నాడు. తేదీలు అంతగా తప్పినా అతని నిద్ర, మెలకువల చక్రం మాత్రం సుమారు ఇరవై నాలుగున్నర గంటలకోసారి తిరుగుతూనే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఈగల కథ. 1971లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ కొనోప్కా అనే విద్యార్థి, తన గురువు బెంజర్‌తో కలిసి, అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో వేళ తప్పినవాటిని ఏరాడు. ఒక రకానికి రోజంటే 19 గంటలు, ఇంకోదానికి 28, మూడోదానికి అసలు లయే లేదు, పైగా మూడింటిలోనూ చెడింది ఒకే జీన్ (జన్యువు)! దాన్ని 1984లో వేరుచేసి, తర్వాత దాని పనితీరు విప్పిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. కొనోప్కా 2015లోనే పోయాడు, చనిపోయినవాళ్లకు ఆ బహుమతి ఇవ్వరు. నన్నడిగితే సగం ఘనత ఆయనదే.

ఇక మీ సంగతి. ఒంట్లోని గడియారాన్ని రోజూ సరిచేసేది కంట్లో పడే వెలుతురే. షిఫ్ట్ అయ్యాక పొద్దున్నే ఎండలో ఇంటికెళితే, ఒళ్లు దాన్ని పగలు కిందే లెక్కేసుకుంటుంది. అందుకే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లమంటారు. బండి మీరే నడిపేటట్టయితే మాత్రం, ఆ నిద్రమత్తులో అద్దాలూ వద్దు, బండీ వద్దు.