ఎర్ర నేలలో తోటకి ఇనుము లోపమా?

ప్రశ్న: అర ఎకరం ఎర్ర గరప నేలలో కనకాంబరం వేశాను. బోరు నీళ్లు వచ్చేటప్పుడు తేటగా ఉంటాయి, సాయంత్రానికి బకెట్టులో తుప్పు రంగుకి తిరుగుతున్నాయి. పైన నూనెలాంటి తెట్టు కడుతోంది, డ్రిప్పర్లు పూడిపోతున్నాయి. కొత్త ఆకులు పసుపెక్కితే ఆ నీళ్లలోనే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) కలిపి కొట్టాను, గుణం లేదు. నేలలోనూ నీళ్లలోనూ ఇనుము ఉండగా ఈ లోపం ఏమిటి?
– ఒక రైతు, ఆనందపురం, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీ బకెట్టులోనే సగం జవాబు ఉందండీ. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది, కంటికి కనిపించదు. బయటికొచ్చి గాలి సోకితే తుప్పుగా మారి అడుక్కి దిగుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి ఆ రంగు వచ్చిందీ ఇసుక రేణువులకి పట్టిన ఇలాంటి తుప్పు వల్లే. మీ చేనిదీ ఆ ఎరుపే. ఇనుము దండిగా ఉంది, కానీ కరగదు. కరగనిదాన్ని వేరు పీల్చలేదు. నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువున్నా, నేలలో సున్నం ఎక్కువైనా, భాస్వరం ఎరువు అతిగా వేసినా ఈ ఇబ్బంది ముదురుతుంది. అందుకే ముందు మట్టి, నీళ్లు రెండూ పరీక్ష చేయించండి.

తెట్టుని పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగితే అది ఇనుము బ్యాక్టీరియా పని. నూనైతే మళ్లీ కలిసిపోతుంది.

ఇక అన్నభేది. మంచి సరుకు లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉంటుంది. పసుపు, గోధుమ రంగుకి తిరిగిందంటే పాడైనట్టే, చవగ్గా ఇస్తామన్నా కొనకండి. బోరు నీళ్లలో కలిపితే ట్యాంకులోనే తుప్పుపట్టి ఉంటుంది. మీ మందు పనిచేయకపోవడానికి నాకు తోచే కారణం అదే. వాన నీళ్లో, మంచి తాగునీరో తీసుకుని ముందు లీటరుకి 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కరిగించి, తర్వాత 5 గ్రాముల అన్నభేది వేయండి. ఎండ తగ్గాక కొట్టండి, కలిపింది రేపటికి దాచొద్దు. వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు. విచ్చే పువ్వుల మీద పడితే మరకలు, కోత అయ్యాకే కొట్టండి. డీఏపీతో కలపొద్దు.

కొట్టేముందు ఒక్కటి చూడండి. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతేనే ఇనుము లోపం. ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని సంగతి. కనకాంబరానికి నులిపురుగుల బెడద కూడా ఎక్కువే, ఒక మొక్క పీకి వేళ్ల మీద బుడిపెలున్నాయేమో చూడండి. ఉంటే అన్నభేది ఎంత కొట్టినా దండగే.

డ్రిప్పుకి నీళ్లు నేరుగా పెట్టకండి. ఎత్తునుంచి జల్లులా తొట్టిలో పడనిచ్చి, రాత్రంతా తేరనిచ్చి, ఇసుక ఫిల్టరు మీదుగా పంపండి. పూడిన లైన్లకి ఆమ్లం పెట్టించేటప్పుడు బ్లీచింగ్ పొడి దరిదాపుల్లో ఉంచొద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. అడుగున మిగిలిన ఎర్ర బురద మొక్కల మొదట్లో పోసి ఎరువనుకోకండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.