వంటింటి ఉత్తరాలు: కేజన్ నల్ల చేప మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో అమెరికా లూసియానా రాష్ట్రంలోని కేజన్ల (ఫ్రెంచి మూలాలున్న అక్కడి జనం) ‘బ్లాకెన్డ్ ఫిష్’, అంటే నల్ల చేప గురించి కొంచెం రాసి, కొలతలు ఈసారికి అట్టిపెట్టాను. చదవని వాళ్ల కోసం ఒక్క మాట. ముల్లు తీసిన చేప ముక్కను కరిగిన వెన్నలో ముంచి, కారం మసాలా పొడి అద్ది, పొగలు కక్కే ఇనప పెనం మీద రెండు వైపులా చకచకా కాల్చేదే ఈ వంట. కొలతలు వచ్చేదాకా ఆగలేక చాలామంది పొయ్యి వెలిగించేశారని ఉత్తరాలు చూస్తే తెలిసింది.

అక్కా, బాసా ఫిల్లెట్ల ప్యాకెట్ తెచ్చి, గుంటూరు కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పట్టించి అరగంట నానబెట్టాను. నాన్‌స్టిక్ పెనం బాగా కాల్చి వేశాను. పైన బొగ్గు, లోపల పచ్చి, నోట్లో పెడితే చేదు. మా ఆయన దగ్గుకుంటూ బాల్కనీలోకి పరిగెత్తారు. అసలు నలుపు ఎంతవరకు రావాలి? మాడడానికీ దీనికీ తేడా ఏమిటి?
ఒక పాఠకురాలు, మియాపూర్

అమ్మాయ్, మీ ఆయన దగ్గు తగ్గిందనుకుంటాను. సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది.

ముందు అల్లం వెల్లుల్లి ముద్ద సంగతి. మన వేపుడుకి అది ప్రాణం, దీనికి మాత్రం పనికిరాదు. ముద్దలోని తడి పెనం వేడిని లాగేస్తుంది. ఆ తడి ఆవిరయ్యేదాకా చేప ఉడుకుతుందే గానీ కాలదు. తీరా తడి పోయాక వెల్లుల్లి, అల్లం పీచు అన్నిటికన్నా ముందు మాడతాయి. నీకు తగిలిన చేదు చాలావరకు వాటిదే. అందుకే అక్కడ ఉల్లి, వెల్లుల్లి రెండూ పొడిగానే వేస్తారు. సూపర్ మార్కెట్‌లో మసాలాల అరలో దొరుకుతాయి. నిమ్మకాయ కంచంలో పిండుకో, ముందు వద్దు.

గడ్డకట్టిన బాసాలో నీరు ఎక్కువ. రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చు. వండే ముందు ముక్కల మీద కాస్త ఉప్పు చల్లి పావుగంట వదిలేస్తే నీరు ఊరుతుంది. అది పారబోసి, శుభ్రమైన నూలు గుడ్డతో ముక్కల్ని గట్టిగా అద్దు. వేలికి తడి తగలకూడదు. ఈ పని బద్ధకించావంటే మిగతాదంతా వృథా.

లోపల పచ్చిగా ఉందంటే ముక్క మందంగా ఉన్నట్టు. ఒకటిన్నర సెంటీమీటరు మందం సరిగ్గా సరిపోతుంది, రెండు దాటితే వద్దు. మంట తగ్గించి, మూత పెట్టి మగ్గించే వెసులుబాటు ఈ వంటలో లేదు. మందం ముక్క వస్తే అడ్డంగా రెండు పొరలు చేసుకో.

నాన్‌స్టిక్ పెనం ఇంకెప్పుడూ దీనికి తియ్యకు. 260 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ పూత పాడవడం మొదలవుతుంది, దాన్నించి వచ్చే పొగ మంచిది కాదు. ఇంట్లో పెంపుడు పక్షులుంటే వాటి ప్రాణానికే ముప్పు. పోత ఇనుము పెనం కావాలి. అయితే నీ దోశల పెనం జోలికి వెళ్లకు. ఇంత వేడికి దాని మీద ఏళ్ల తరబడి పట్టిన నూనె పొర కాలిపోతుంది. మర్నాడు దోశ అంటుకుపోయి, తిట్లన్నీ నాకే వస్తాయి. చేపకి ఒక పెనం విడిగా ఉంచుకో. వేడి మీదున్నప్పుడు దాని మీద చన్నీళ్లు పోశావో, పగిలిపోతుంది.

ఇక నలుపు. నెయ్యి కాచినప్పుడు గిన్నె అడుగున గోధుమ రంగు మడ్డి మిగులుతుంది చూడు, పిల్లలు పంచదార కలుపుకుని తినేది. అది వెన్నలోని పాల పదార్థం. ఈ వంటలో ఆ పదార్థమూ మసాలా పొడీ కలిసి పెనానికి తగిలి నల్లబడతాయి. చేప కండ నల్లబడకూడదు. అందుకే నెయ్యితో చేస్తే ఈ రుచి రాదు, మడ్డి ముందే తీసేశాం కాబట్టి. నూనెతో అసలు రాదు. బాగా దిగిన కాఫీ డికాక్షన్ రంగు, అక్కడక్కడా నల్ల మచ్చలు, అంతవరకే. చెంచాతో గీకితే బొగ్గు పొడి రాలుతుంటే మాడినట్టే. పరిమాణం విషయానికొస్తే, ‘తగినంత’ అనే మాట ఈ శీర్షికలో రాదు. నూటయాభై గ్రాముల ముక్కలు నాలుగింటికి కాశ్మీరీ కారం ఒక టేబుల్‌స్పూన్, గుంటూరు కారం అర టీస్పూన్, ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి ఒక్కొక్క టీస్పూన్, మిరియాల పొడి ముప్పావు, తెల్ల మిరియాల పొడి అర, ఒరెగానో అర, ఉప్పు ఒకటి. ఉప్పు వెన్న వాడితే పొడిలో ఉప్పు సగానికి తగ్గించు. థైమ్ ఆకు దొరికితే అర టీస్పూన్, దొరక్కపోతే రెండు చిటికెల వాము అరచేతిలో నలిపి వెయ్యి. రెంటిలోనూ ఆ ఘాటు వాసన థైమాల్‌దే. మన వాళ్లు చేప వేపుడులో వాము వేసేది ఊరికే కాదు.

గుంటూరు కారం అరతోనే ఎందుకు ఆపానంటే, వాళ్ల మసాలాలో ఎక్కువ భాగం పాప్రికా, అది రంగుకే గానీ మంటకు కాదు. మంటకు కెయన్ మిరప కొంచెమే వేస్తారు. మన గుంటూరు సన్నం మంటలో ఆ కెయన్‌కి దరిదాపుల్లోనే ఉంటుంది. నువ్వు పాప్రికా బదులు మొత్తం గుంటూరుదే దట్టించావు. ఆ ఘాటు పొగకి పాపం మీ ఆయనే కాదు, ఎవరైనా పరిగెత్తుతారు. తెలంగాణలో ఉన్నావు కాబట్టి వరంగల్ చపాటా మిర్చి దొరికితే కాశ్మీరీ బదులు అదే వాడు. ఎరుపెక్కువ, మంట తక్కువ.

చిమ్నీ వేసి, కిటికీలు తీసి, పెనం ఏమీ వెయ్యకుండా పెద్ద మంట మీద ఎనిమిది పది నిమిషాలు కాల్చు. వంద గ్రాముల వెన్న విడిగా కరిగించి గోరువెచ్చగా ఉంచుకో. ముక్కని వెన్నలో ముంచి, రెండు వైపులా పొడి అద్ది, ఆ వెంటనే పెనం మీద వెయ్యి. ముందే అద్ది పళ్లెంలో వరస పెడితే వెన్న గడ్డకట్టి పొడి పెచ్చులుగా ఊడుతుంది. రెండు నిమిషాలు ముట్టుకోకు. పైన అర చెంచా వెన్న పోసి (మంట లేస్తుంది, మొహం దూరంగా పెట్టు) తిరగెయ్యి. ఇంకో ఒకటిన్నర, రెండు నిమిషాలు. ఫోర్కుతో నొక్కితే కండ పొరలుగా విడిపోవాలి. థర్మామీటర్ ఉంటే లోపల 63 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. ఒక్కో విడతకి రెండు ముక్కలే. నాలుగూ ఒకేసారి వేస్తే పెనం చల్లారి, మళ్లీ ఉడకడం మొదలు.

అమ్మా, మాది రాజమండ్రి, ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. గోదావరి గట్టున ఉండి బాసా తినమంటారా? ఇక్కడి చేపల్లో దీనికి ఏది నప్పుతుంది? శీలావతి, బొచ్చె కుదురుతాయా? పులస మాట అడగను లెండి.

పులస అడగనందుకు దండం మాస్టారూ. పులసకి ఇనప పెనం చూపించానని తెలిస్తే నన్ను కాకినాడలో అడుగుపెట్టనివ్వరు.

శీలావతి, బొచ్చె వద్దండి. పులుసుకి మంచివే గానీ వాటి కండలో సన్న ముళ్లు చెల్లాచెదురుగా ఉంటాయి. ఎంత నేర్పరి కోసినా శుభ్రమైన ఫిల్లెట్ రాదు. మీ ఊళ్లో నా ఓటు పండుగప్పకే. కండ తెల్లగా, గట్టిగా, పొరలుగా ఉంటుంది, కొవ్వు కూడా కొంచెం ఉంటుంది. రెండు కిలోల లోపు చేప చూసుకుని, వెన్నెముకకి రెండు పక్కలా పొడుగ్గా కోసి తోలు తియ్యమనండి. ‘పులుసు ముక్కలు కాదు బాబూ’ అని రెండుసార్లు చెప్పాలి, లేకపోతే మాట పూర్తయ్యేలోపు అడ్డంగా నరికేస్తాడు. తలా, ముల్లూ వదిలెయ్యకండి, మర్నాటి పులుసు వాటిదే. కొరమీను కూడా బాగుంటుంది, కాకపోతే ఆ ధరకి వెన్న, మసాలా కింద దాని రుచి దాచెయ్యడం నాకు మనసొప్పదు. వంజరం సాధారణంగా గుండ్రటి స్లైసులుగానే అమ్ముతారు. స్లైసు ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే అదీ సరిపోతుంది, నడుమ ముల్లు తెలిసిందే కాబట్టి ఇబ్బంది లేదు.

తోడుగా ఏమిటని మీరు అడగలేదు, అయినా చెప్తాను. వేడన్నం, పప్పుచారు. లూసియానా కూడా వరి పండించే నేలే, వాళ్ల కంచంలోనూ అన్నమే ఉంటుంది. అక్కడి పెద్ద ఊరు న్యూ ఆర్లియన్స్‌లో సోమవారం వస్తే ఎర్ర చిక్కుడు గింజల కూరతో అన్నం తినడం ఆనవాయితీ.

అక్కా, నేను హ్యూస్టన్‌లో చదువుకుంటున్నా. అపార్ట్‌మెంట్‌లో ఇది చేస్తే పొగ అలారం మోగి పక్కవాళ్లు తలుపులు కొట్టారు. ఒకటే టెన్షన్. పైగా నాతో పనిచేసే లూసియానా కుర్రాడు, లాఫయెట్ ఊరివాడు, ‘ఇది మా బామ్మలు చేసిన వంట కాదు, హోటల్ వంట’ అన్నాడు. నిజమేనా?

నిజమే తమ్ముడూ. కేజన్ ఇళ్లలో తరతరాలుగా వస్తున్నవి గంబో (చిక్కటి పులుసు), జాంబలాయా (మాంసం, రొయ్యలు కలిపి వండే అన్నం), ఎటూఫే (అన్నంలోకి రొయ్యల ఇగురు) లాంటివి. ఈ నల్ల చేప పుట్టించింది ఒక్క మనిషి, పాల్ ప్రుధోమ్. లూసియానాలోనే ఓపెలూసాస్ అనే ఊరి దగ్గర రైతు కుటుంబంలో 1940లో పుట్టాడు, పదమూడు మంది పిల్లల్లో ఆఖరివాడు. న్యూ ఆర్లియన్స్‌లో పేరున్న కమాండర్స్ ప్యాలెస్ హోటల్ వంటశాలకి పెద్దగా ఉండి, 1979లో భార్య కేతో కలిసి ఆ ఊరి పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో కె-పాల్స్ అనే చిన్న హోటల్ పెట్టాడు. నిప్పుల మీద కాల్చిన చేప రుచి అక్కడా కావాలనుకున్నాడు, కానీ ఆ చిన్న వంటింట్లో గ్రిల్ లేదు. ఇనప పెనాన్ని విపరీతంగా కాల్చి ఆ పని చేయించాడు. 1984లో అతని పుస్తకం వచ్చాక అమెరికా అంతా ఇదే వంట. బామ్మ చెయ్యనంత మాత్రాన తక్కువేమీ కాదు.

అతను వాడింది రెడ్‌ఫిష్, రెడ్ డ్రమ్ అని కూడా అంటారు. ఈత తిత్తిని అదిలిస్తూ డప్పు కొట్టినట్టు చప్పుడు చేసే చేపల కుటుంబం దానిది. జనం ఎంతలా ఎగబడ్డారంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఆ చేపకే ముప్పొచ్చి, 1980ల రెండో సగంలో ప్రభుత్వం వ్యాపారపు వేటను ఆపించాల్సి వచ్చింది. నీకు అక్కడి దుకాణాల్లో దొరికేది చాలావరకు చెరువుల్లో పెంచినదే. క్యాట్‌ఫిష్ చవక, దానితోనూ బాగా వస్తుంది. ఆ గల్ఫ్ తీరంలో ఒక హోటల్ వంటింట్లో కొన్నాళ్లు పనిచేశాను నేను. మేమూ రోజూ మామూలు క్యాట్‌ఫిష్‌తోనే చేసేవాళ్లం. తిన్నవాళ్లెవరూ రెడ్‌ఫిష్ ఏదని అడగలేదు.

పొగకి రెండు దారులు. మీ కాంప్లెక్స్‌లో ఈత కొలను పక్కన బొగ్గుల గ్రిల్ ఉంటే పెనం దాని మీద పెట్టి చేసెయ్. ఆరుబయట చెయ్యమని ప్రుధోమే చెప్పాడు, హోటల్ ఎగ్జాస్ట్ ఇళ్లలో ఉండదు కదా. రెండోది, ఇళ్ల కోసం అతనే తర్వాత ప్రచారం చేసిన పద్ధతి, బ్రాంజింగ్ అంటారు. పెనం 350 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి, అదే వెన్న, అదే మసాలాతో వైపుకి రెండున్నర, మూడు నిమిషాలు. నలుపు బదులు రాగి రంగు వస్తుంది, పొగ పదో వంతు కూడా ఉండదు. నన్నడిగితే అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లందరికీ ఇదే మేలు. మీది గాజు పలక పొయ్యి అయితే ఖాళీ ఇనప పెనం పది నిమిషాలు కాల్చడం ఆ గాజుకీ మంచిది కాదు. అలారం బ్యాటరీ తీసే ఆలోచన మాత్రం పెట్టుకోకు.

ఇలా నల్లగా కాల్చినవి తింటే క్యాన్సర్ వస్తుందంటున్నారు. పిల్లలకి పెట్టొచ్చా? 
ఒక తల్లి, విజయవాడ

మాంసం, చేప బాగా వేడి మీద కాలినప్పుడు కొన్ని హానికర పదార్థాలు పుట్టే మాట వాస్తవం. ఎంత వేడిగా, ఎంతసేపు కాలిస్తే అంత ఎక్కువ. దీంట్లో వేడి ఎక్కువే గానీ సమయం నాలుగు నిమిషాలే. నెలకో రెండు నెలలకో ఒకసారి చేసుకుంటే నేనైతే బెంగ పెట్టుకోను. వారం వారం వద్దు, బొగ్గైన చోటు గీకి పారెయ్యండి. పిల్లలకి పైన చెప్పిన రాగి రంగు పద్ధతిలో, గుంటూరు కారం పూర్తిగా మానేసి చెయ్యండి. ముక్క చేత్తో విరిచి ముల్లు వెతికాకే పెట్టండి. ప్యాకెట్ మీద ముల్లు లేదని రాసి ఉన్నా సరే.

మా ఇంట్లో చేప రాదండి. ఆ మసాలా మీద మాత్రం మనసు పడింది. పనీరుతో చెయ్యొచ్చా? 
ఒక గృహిణి, తెనాలి

నిక్షేపంగా. పనీరు దిమ్మని ఒకటిన్నర సెంటీమీటరు పలకలుగా కోసి, గుడ్డలో చుట్టి పైన బరువు పెట్టి అరగంట ఉంచండి. వెన్న, మసాలా, పెనం అన్నీ అవే. లోపల ఉడకాల్సిందేమీ లేదు కాబట్టి వైపుకి నిమిషం చాలు, ఎక్కువసేపు ఉంచితే రబ్బరవుతుంది. కాలీఫ్లవర్‌ని కాడతో సహా మందపాటి పలకలుగా కోసి, ఉప్పునీళ్లలో మూడు నిమిషాలు ఉడికించి, పూర్తిగా ఆరబెట్టి కూడా ఇలాగే చేసుకోవచ్చు. పెనం మాత్రం కొత్తది కొనుక్కోండి. పక్కింటి వాళ్ల చేపల పెనం అడిగి తెస్తే, ఎంత తోమినా వెన్న కాగేసరికి ఆ వాసన పైకి తేలుతుంది.