డాక్టర్ సలహా: ఆస్తమా ఉన్న అమ్మను ఖాట్మండు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మకు 63 ఏళ్లు. ఆస్తమా ఉంది, షుగర్‌కు మాత్రలు వాడుతుంది. మార్చిలో పశుపతినాథ్ దర్శనానికి ఖాట్మండు వెళ్దామనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు ముక్తినాథ్ కూడా కలుపుతామంటున్నారు. అంత ఎత్తులో ఊపిరాడదని బంధువులు భయపెడుతున్నారు. వెళ్లొచ్చా డాక్టర్ గారూ?

జవాబు: మీ ఊరి పక్కనున్న హార్స్‌లీ హిల్స్ ఎత్తు దాదాపు 1,265 మీటర్లు. ఖాట్మండు సుమారు 1,400. ఊటీ అయితే 2,200 దాటుతుంది. ఊటీలో తిరిగొచ్చిన మనిషికి ఖాట్మండు ఎత్తు ఒక లెక్క కాదు.

అమ్మగారికి ఇబ్బంది పెట్టేది అక్కడి పొగ, దుమ్ము. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి లోయ. చలికాలంలో బళ్ల పొగ, ఇటుక బట్టీల పొగ పైకి పోలేక ఊరి మీదే నిలిచిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో అడవుల్లో రేగే మంటల పొగ దానికి తోడు. తేదీలు మార్చుకోగలిగితే వానలు వెనకపట్టాక, అక్టోబర్ చివర్లో వెళ్లండి.

మార్చిలోనే తప్పదంటే రోజూ పీల్చే ఇన్‌హేలర్ ఇప్పటి నుంచే ఒక్క పూట కూడా మానొద్దు. 'బాగానే ఉందిగా' అని మానేయడం మన ఇళ్లలో మామూలే, ఆయాసం తిరగబెట్టేదీ అక్కడే. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది చేతి సంచిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు. టూరిస్టులు ఎక్కువగా తిరిగే థమేల్ పేట సందుల్లో నడిచేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టించండి. చీర కొంగు అడ్డం పెట్టుకుంటే సన్నటి పొగ ఆగదు.

ముక్తినాథ్ మాత్రం వేరే సంగతి. అది 3,700 మీటర్లు. పొద్దున పోఖరాలో విమానమెక్కి జోమ్‌సోమ్‌లో దిగి, అక్కడి నుంచి జీపులో మధ్యాహ్నానికల్లా గుడికి చేర్చే ప్యాకేజీలు నాకు నచ్చవు. జోమ్‌సోమ్‌లో, అంటే 2,700 మీటర్ల దగ్గర, ఒక రాత్రయినా ఆగాలి. పైన తలనొప్పి, వాంతులు, తూలడం మొదలైతే మాత్ర వేసి కూర్చోబెట్టకుండా వెంటనే కిందికి దించేయండి. ఈసారికి పశుపతినాథ్‌తో సరిపెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం. వెళ్లి తీరాలంటే ముందు మీ ఛాతీ డాక్టర్‌కు చూపించండి.

నీళ్లు సీలున్న బాటిల్‌వో కాచినవో తాగాలి. పానీపూరీ వద్దు. 2022లో ఖాట్మండు పక్కనే ఉన్న లలిత్‌పూర్‌లో కలరా వస్తే అక్కడ దాని అమ్మకమే ఆపేశారు. టైఫాయిడ్ టీకా రెండు వారాల ముందే వేయించండి. షుగర్ మాత్రలు నాలుగు రోజులకు సరిపడా ఎక్కువే పెట్టుకోండి.

ఇంకొకటి, కోతులు. పశుపతినాథ్ గుడి దగ్గర, స్వయంభూ బౌద్ధ స్తూపం మెట్ల మీద ప్రసాదం సంచి కనబడితే లాగేస్తాయి. వదిలేయండి, పెనుగులాడొద్దు. కరిచినా గీరినా పావుగంట పాటు సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద కడిగి, అదే రోజు అక్కడి ఆసుపత్రిలోనే రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. బెంగళూరు వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు.