బొడ్డులో తడి, వాసన... పాపకూ అంటుకుంటుందా?

ప్రశ్న: నా వయసు 38. నెల రోజులుగా బొడ్డులో దురద, చెడు వాసన. అదే పోతుందిలే అని ఊరుకున్నాను. ఇప్పుడు రసి కూడా కారుతోంది. ఇంట్లో 12 రోజుల పాప ఉంది. బొడ్డుతాడు రాలి రెండు రోజులైంది, అక్కడ ఇంకా కాస్త తడిగానే ఉంది. నా నుంచి అంటుకుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పాప సంగతి. బొడ్డుతాడు మామూలుగా ఒకటి రెండు వారాల్లో ఎండి రాలిపోతుంది. రాలాక కొద్ది రోజులు తడిగా ఉండడం, డైపర్‌కు చుక్క రక్తం అంటడం మామూలే. డైపర్‌ను బొడ్డు కిందికి మడిచి గాలి తగలనివ్వండి. నూనెలు, పొడులు ఏవీ వద్దు. తడి ఎంతకీ ఆగక, లోపల ఎర్రటి మెత్తని బుడిపె కనిపిస్తే అది గ్రాన్యులోమా కావచ్చు. దానికి నొప్పి ఉండదు. డాక్టర్ సిల్వర్ నైట్రేట్ అనే మందు అద్ది మాన్పుతారు.

బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడి, వాచి, ఆ ఎరుపు పొట్ట మీదికి పాకుతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. చీము, దుర్వాసన, పాలు తాగకపోవడం, మత్తుగా పడి ఉండడం, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం... ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ వయసులో బొడ్డు రక్తనాళాలు ఇంకా పూర్తిగా మూసుకుపోవు, క్రిములు అటునుంచే రక్తంలోకి చేరతాయి. ఆసుపత్రిలో చేర్చి, నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇవ్వాల్సిందే. జ్వరం లేదు కదా అని ధీమా పడొద్దు. నెలలోపు పిల్లల్లో ఇన్ఫెక్షన్ ముదిరినా ఒక్కోసారి జ్వరం రాదు, పైగా ఒళ్లు చల్లబడుతుంది.

ఇక మీ సంగతి. లోతైన బొడ్డులో చెమట, మురికి పేరుకుంటే ఫంగస్, బ్యాక్టీరియా పెరుగుతాయి. (స్నానంలో బొడ్డును గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువే!) దురద, ఎర్రదనం ఎక్కువైతే ఫంగస్‌ను, చీము, నొప్పి ఉంటే బ్యాక్టీరియాను అనుమానిస్తాం. రెండూ కలిసీ ఉండొచ్చు. అందుకే ఏదో ఒక ట్యూబు కొని రాసేయకండి. స్టెరాయిడ్ కలిపిన క్రీముతో దురద తగ్గినట్టే ఉంటుంది, ఫంగస్ మాత్రం ఇంకా పెరుగుతుంది. డాక్టర్ చూసి ఫంగస్‌ను తగ్గించే క్లోట్రిమజోల్ లాంటి క్రీమో, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటో రాస్తారు. చీముగడ్డ కడితే చిన్న కోత పెట్టి తీయాలి. రోజూ సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, తడి లేకుండా ఒత్తుకోండి. పిన్నులు, పుల్లలు లోపల పెట్టొద్దు. షుగర్ పరీక్ష తప్పక చేయించుకోండి, అది అదుపులో లేకపోతే ఏ క్రీము రాసినా తిరగబెడుతుంది. షుగర్ బాగున్నా మళ్లీ మళ్లీ వస్తుంటే లోపల వెంట్రుకలు ఇరుక్కున్నాయేమో, బొడ్డు నుంచి లోపలికి పుట్టుకతో మిగిలిపోయిన సన్నని గొట్టం లాంటి దారి ఏదైనా ఉందేమో స్కాన్‌లో చూడాలి.

మీ నుంచి పాపకు గాలి ద్వారా అంటుకోదు, భయం చేతులతోనే. మీ బొడ్డు ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కునే పాపను ఎత్తుకోండి. మీ తువ్వాలు పాపకు వాడొద్దు.