ఛాతీ మీద కూర్చున్న నల్లటి ఆకారం దయ్యమా, స్లీప్ పెరాలసిసా?

అడిగినవారు చెప్పింది క్లుప్తంగా ఇదీ: తెల్లవారుజామున 4 గంటలప్పుడు మెలకువ వచ్చింది. వెల్లకిలా పడుకుని ఉన్నారు. కళ్లు తెరుచుకుని ఉన్నాయి, గదంతా కనిపిస్తోంది, కానీ వేలు కూడా కదలడం లేదు. తలుపు దగ్గర ఎవరో ఉన్నారనిపించింది, అడుగుల చప్పుడు వినిపించింది, ఆ ఆకారం వచ్చి ఛాతీ మీద కూర్చుంది. అరవబోతే గొంతు పెగల్లేదు. కాసేపటికి అంతా ఒక్కసారిగా మాయమైంది. ఇది దయ్యమా, మెదడు చేసిన పనా అని ప్రశ్న.

మెదడు చేసిన పనే. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు, అంటే మెలకువ వచ్చినా ఒళ్లు కాసేపు కదలకపోవడం. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు రాసిన ప్రతి ముక్కకూ కారణం ఉంది.

ముందు టైము సంగతి. నిద్ర సుమారు 90 నిమిషాల చక్రాలుగా నడుస్తుంది. ప్రతి చక్రంలో కలలు దట్టంగా వచ్చే దశను రెమ్ నిద్ర అంటారు. తొలి చక్రాల్లో ఇది కొద్ది నిమిషాలే, తెల్లవారే కొద్దీ ఒక్కోటి అరగంట దాకా సాగుతుంది. అందుకే 3 నుంచి 6 గంటల మధ్య ఇలాంటివి జరగడం మామూలు. రాత్రి 3 గంటలు దయ్యాల వేళ అని భయపెట్టే వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. వాటిని చూసి పడుకున్నవాళ్లకు ఆ టైముకి మెలకువ వస్తే సగం భయం ముందే సిద్ధంగా ఉంటుంది. పిల్లలు కూడా చూస్తున్నారు, అదే నా బాధ.

రెమ్ నిద్రలో మెదడు కాండం నుంచి వెళ్లే సంకేతాల వల్ల వెన్నుపాములో గ్లైసిన్, గాబా అనే రసాయనాలు విడుదలై, కండరాలను కదిలించే నాడీకణాలను అణిచేస్తాయి. కలలో పరిగెడుతుంటే నిజంగా లేచి పరిగెత్తకుండా ఉండేది అందుకే. ఈ కట్టడి లేని రెండు ముఖ్యమైన చోట్లు కళ్లను తిప్పే కండరాలు, ఊపిరి ఆడించే డయాఫ్రమ్. మామూలుగా మెలకువ రావడం, కట్టు విడిపోవడం ఒకేసారి జరుగుతాయి. ఎప్పుడైనా మెలకువ ముందు వచ్చి, కట్టు కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల దాకా అలాగే ఉండిపోతుంది. ఆ సమయంలో ఈఈజీ (మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీస్తే రెమ్ లక్షణాలూ, మెలకువలో ఉండే ఆల్ఫా తరంగాలూ కలగలిసి కనిపిస్తాయి. అంటే మీరు చూసిన గది నిజం, అందులో తిరిగిన మనిషి కల.

ఛాతీ మీద బరువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది హడలిపోయేది అక్కడే. రెమ్‌లో పక్కటెముకల మధ్య కండరాలు సడలిపోతాయి, ఊపిరి పని దాదాపుగా డయాఫ్రమ్ మీదే పడుతుంది. అది పైపైన, లయ తప్పుతూ నడుస్తుంది, అయినా ఒంటికి సరిపోతుంది. మెలకువ వచ్చి భయపడగానే గట్టిగా ఊపిరి పీల్చబోతారు. ఛాతీ లేవదు. ఎవరో అదిమి పట్టినట్టు అనిపించేది ఆ క్షణంలోనే. ఎంత గట్టిగా ప్రయత్నిస్తే బరువు అంత పెరిగినట్టు ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు గొంతు దారి ఇంకొంచెం ఇరుకవుతుంది. ఇవి వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువగా వస్తాయని పరిశోధనల్లో మళ్లీమళ్లీ తేలింది.

ఇక తలుపు దగ్గర మనిషి. రెమ్‌లో మెదడులోని భయకేంద్రం అమిగ్డాలా చురుగ్గా ఉంటుంది. ఒళ్లు కదలదు, ప్రమాదం ఎక్కడుందో తెలియదు, కానీ ప్రమాదం ఉందన్న హెచ్చరిక మాత్రం మోగుతూనే ఉంటుంది. మెదడు దానికి ఒక ఆకారం వెతుక్కుంటుంది. 2006లో స్విట్జర్లాండ్‌లో నాడీ శాస్త్రవేత్త ఒలాఫ్ బ్లాంకె బృందం మూర్ఛవ్యాధి పరీక్షల్లో భాగంగా ఒక యువతి మెదడు ఎడమవైపు, కణత వెనక భాగంలో చిన్నపాటి విద్యుత్ ప్రవాహం పంపింది. వెంటనే తన వెనక ఎవరో ఉన్నారంది ఆమె. ఆమె పడుకుని ఉంటే ఆ నీడ కూడా పడుకుని ఉంది. లేచి కూర్చుని మోకాళ్లు చుట్టుకుంటే, ఆ నీడ తనను కౌగిలించుకున్నట్టు అనిపించింది. కరెంటు ఆపితే నీడ పోయింది. తన శరీరాన్ని గురించిన లెక్కలోనే మెదడు పొరబడి, దాన్ని పరాయి మనిషిగా చూపించిందన్నమాట. గాల్లో తేలడం, ఒంట్లోంచి బయటకొచ్చి తనను తాను చూసుకోవడం కూడా ఈ కోవలోవే.

ఆ ఆకారానికి పేరు పెట్టేది మాత్రం మనం పెరిగిన చోటు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో అది ముసలి మంత్రగత్తె, అమెరికాలో కొందరికి గ్రహాంతరవాసి. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించినవాళ్లు జనంలో 7.6 శాతం, విద్యార్థుల్లో 28.3 శాతం తేలారు. నిద్ర వేళలు చెడగొట్టుకునేది విద్యార్థులే కాబట్టి ఆ తేడాలో వింతేమీ లేదు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "అదంతా నీ భ్రమ" అని కొట్టిపారేయకండి. అనుభవం నూటికి నూరుపాళ్లు నిజం, దానికి చెప్పుకునే కారణమే తప్పు. కొట్టిపారేస్తే ఆ మనిషి నోరు మూసుకుంటాడు, నిద్రంటేనే జంకుతాడు, నిద్ర తగ్గుతుంది, దాంతో ఇది ఇంకా తరచుగా వస్తుంది.

వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? లేచి కూర్చోవాలని పెనుగులాడకండి. కట్టు విడిపోయేదాకా ఒంట్లోని పెద్ద కండరాలు మాట వినవు. లోతుగా ఊపిరి తీయాలనీ చూడకండి, అది తన పని తాను చేసుకుపోతుంది. కొందరు కాలి బొటనవేలో, నాలుకో కదపడం మీద దృష్టి పెట్టి బయటపడతారు. అది పనిచేస్తే సరే. చెయ్యకపోతే భయం రెట్టింపవుతుంది, అందుకే నేను స్లీప్ పెరాలసిస్ పరిశోధకుడు బలాండ్ జలాల్ రూపొందించిన పద్ధతినే ముందు చెబుతాను. కళ్లు మూసుకోండి. ఇది స్లీప్ పెరాలసిస్, ప్రాణాపాయం లేదు అని మనసులో అనుకోండి. ఇది దానంతటదే పోయేదే, భయపడి లాభం లేదని చెప్పుకోండి. ఆకారం వైపు చూడకుండా, మనసుకి ఇష్టమైన ఒక మనిషి ముఖమో, ప్రార్థనో పట్టుకుని దృష్టంతా దాని మీదే ఉంచండి. చివరగా ఒళ్లు వదిలేయండి, ఏదీ కదపకండి. ఇది ఆ క్షణంలో తట్టదు, పగలు వెల్లకిలా పడుకుని ముందే సాధన చేసి ఉండాలి.

కట్టు విడిపోగానే అదే భంగిమలో మళ్లీ నిద్రలోకి జారుకోకండి. వెంటనే రెండోసారి రావడం బాగా మామూలు. లేచి లైటు వేసి, నాలుగడుగులు వేసి, కాసేపాగి పక్కకు తిరిగి పడుకోండి. పక్కన ఎవరైనా పడుకుంటే వాళ్లకూ చెప్పి ఉంచండి: సన్నటి మూలుగో, ఎగశ్వాసో వినిపిస్తే భుజం తట్టి పేరు పెట్టి పిలవమని. తాకితే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

రాకుండా ఉండాలంటే అన్నిటికంటే ముఖ్యం రోజూ ఒకే టైముకి లేవడం, సెలవు రోజైనా సరే. కనీసం 7 గంటల నిద్ర ఉండాలి. వారమంతా 5 గంటలు పడుకుని ఆదివారం పది గంటలు లాగిస్తే, బాకీ పడ్డ రెమ్ అంతా ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. మద్యం కూడా రాత్రి మొదటి సగంలో రెమ్‌ను తొక్కిపెట్టి రెండో సగంలో ఎగదోస్తుంది. డిప్రెషన్ మందుల్లో చాలావాటికీ రెమ్‌ను అణిచే గుణం ఉంది, వాటిని డాక్టరుకు చెప్పకుండా ఉన్నపళంగా మానేస్తే ఇదే గొడవ. వెల్లకిలా తిరగకుండా టీషర్టు వీపు భాగంలో ఒక బంతి కుట్టుకుని పడుకోవచ్చు, చూడ్డానికి ఎలా ఉన్నా పనిచేస్తుంది. చేతి వాచీ చూపించే రెమ్ నిమిషాలను నమ్మి బెంగపడకండి. అది కదలికలూ నాడీ చూసి వేసే అంచనా, మెదడు తరంగాలు దానికి తెలియవు.

అప్పుడప్పుడూ వస్తే చికిత్స అక్కర్లేదు. వారంవారం వస్తున్నా, పగలు ఆపుకోలేని నిద్ర వస్తున్నా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోయినా నిద్ర వైద్యుణ్ణి కలవండి, అది నార్కోలెప్సీ అనే నిద్ర వ్యాధి కావచ్చు. రాత్రంతా నిద్ర పరీక్ష చేసి, మర్నాడు రెండేసి గంటల తేడాతో నాలుగైదు సార్లు పడుకోబెట్టి చూస్తారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు నేరుగా రెమ్‌లోకి వెళితే ఆ వ్యాధిగా అనుమానిస్తారు. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగే అలవాటు ఉంటే అదీ చెప్పండి. వెళ్లేముందు రెండు వారాల పాటు పడుకున్న టైము, లేచిన టైము, వచ్చినప్పుడు ఏ భంగిమలో ఉన్నారు, ముందురోజు ఎంత నిద్రపోయారు అన్నవి రాసి పట్టుకెళ్లండి. ఇవేవీ అడగకుండా నిద్రమాత్ర రాసిస్తే ఇంకో డాక్టరుకు చూపించుకోండి.